కొత్త షెడ్డుకి పాత రంగు

సంక్రాంతి ముందు ఇల్లు దులిపే రోజుల్లో మరకలు ఎక్కడెక్కడ ఉంటాయో మీకు వేరే చెప్పాలా? స్విచ్చి బోర్డు చుట్టూ చేతి జిడ్డు, కిటికీ కింద వాన నీటి చారలు, పొయ్యి వెనకాల పొగ, నల్లా కింద పాచి, గడప పక్కన మట్టి. ఏడాది పొడుగునా వాటితో మనకి యుద్ధమే కదా! అలాంటి మిమ్మల్ని ఈ వారం నేనొక వింత పని చెయ్యమంటున్నాను. తెల్లగా, ముచ్చటగా తయారు చేసిన ఒక బుల్లి భవనాన్ని మీ చేతులతోనే మాపండి. మరకలు పెట్టండి. తుప్పు పట్టించండి. "ఇదేం చోద్యమమ్మా!" అనుకుంటున్నారా? ఎందుకో చెబుతాను, వినండి.

మాది సూర్యాపేట. పుట్టిల్లు కోదాడ. రెండూ హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రోడ్డు మీది ఊళ్ళే. ఇదివరకు తొమ్మిదో నంబరు హైవే అనేవాళ్ళం, ఇప్పుడది 65. రాత్రీ పగలూ లారీలు, బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కానీ రెండు ఊళ్ళకీ రైలు స్టేషన్ లేదు. మా అత్తవారి ఊరు మిర్యాలగూడకి మాత్రం ఉంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలాక ఎడమ కాలువ కింద వరి పెరిగింది. ఆ వరి వెంట రైసుమిల్లులు వచ్చాయి. మా మామయ్య అలాంటి ఒక మిల్లులో గుమాస్తాగా చేశారు. బియ్యం బస్తాలు వ్యాగన్లకి ఎక్కిస్తుంటే పక్కన నిలబడి లెక్క రాసుకోవడం ఆయన పని.

మోకాళ్ళ నొప్పులు ముదిరాక ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం. వచ్చిన వారానికే, "అంత మంచిగనే ఉన్నది బిడ్డా, బండి కూత ఇనపడక నిద్ర పడ్తలేదు" అన్నారు. ఏం చెయ్యను? సూర్యాపేటకి రైలు తెప్పించడం నా చేతిలో పనా!

కిందటి వేసవిలో మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మా వాడికి చిన్న రైలు సెట్టు తెచ్చాడు. మామయ్య మంచం పక్కనే పట్టాలు పరిచాం. ఆయన రెండు రోజులు చూసి, "బండి ఉన్నది గని, ఆగెటందుకు జాగేది?" అన్నారు. సరే, గూడ్సు షెడ్డు ఒకటి కడదామని కూర్చున్నాను. చీరల అట్టపెట్టెలు కోసి గోడలు నిలబెట్టాను. తెల్లరంగు వేశాను, తలుపులకి ఎరుపు, పైన రేకుకి వెండి రంగు. తళతళా మెరిసిపోతోంది. మామయ్య మర్యాదకి "మంచిగున్నది" అని మళ్ళీ పేపర్లో తలదూర్చారు. మా వాడు దాచకుండా చెప్పేశాడు, "అమ్మా, ఇది బర్త్‌డే కేకులా ఉంది."

ఉక్రోషం వచ్చిందంటే నమ్మండి. "ఏం తక్కువైంది మామయ్యా?" అని అడిగేశాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "గోడ గింత తెల్లగ యాడుంటది బిడ్డా! దానికి వానలు పడలేదా? బస్తాలు రాసుకోలేదా?" అన్నారు.

అసలు కిటుకు ఆ ఒక్క మాటలోనే ఉంది.

మరకకో కారణం

బొమ్మ రైళ్ళు కట్టేవాళ్ళు ఈ పనిని 'వెదరింగ్' అంటారు. అంటే ఎండా వానా తగిలినట్టు చెయ్యడం అన్నమాట. ఇదేదో పిల్లల ఆటే అనుకోకండి. పుణెలో బుల్లి రైళ్ళ కోసమే జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం అని 1998లో ఒకటి తెరిచారు.

మన కొండపల్లి బొమ్మనే తీసుకోండి. కోదాడ నుంచి విజయవాడ వెళుతుంటే ఊరు చేరబోయే ముందు, ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి. తెల్ల పొణికి కర్రతో చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు పెట్టి, నిగనిగలాడే రంగులు వేస్తారు. ఆ బొమ్మకి వయసు ఉండకూడదు, అదే దాని అందం. రైలు పక్కన పెట్టే షెడ్డుకి మాత్రం వయసు ఉండాలి. లేకపోతే అది షెడ్డులా కనిపించదు, అట్టపెట్టెలాగే కనిపిస్తుంది.

అయితే మరకని ఎక్కడపడితే అక్కడ పెడితే మురికి ముద్దలా తయారవుతుంది. ప్రతి మరకకీ ఒక కారణం ఉండాలి. నీళ్ళు కిందికే కారతాయి కాబట్టి చార ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. తుప్పు మేకు దగ్గర మొదలై కిందికి దిగుతుంది. వాన చినుకులకి మట్టి చిందేది గోడ అడుగున ఒకటి రెండు అడుగుల ఎత్తు వరకే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండ దక్షిణం నుంచి పడుతుంది గనక దక్షిణం, పడమర గోడలు వెలుస్తాయి. పాచి ఉత్తరం గోడకి పడుతుంది. ఇవన్నీ పుస్తకాలు చూసి నేర్చుకోవాలా? మనం రోజూ తుడిచేవే కదా!

ముందు కొలతలు

మా వాడి రైలు 'హెచ్.ఓ.' అనే కొలతది. అసలు వస్తువులో 87వ వంతు. లెక్క చాలా తేలిక, అసలు ఒక అడుగుకి మన బొమ్మలో మూడున్నర మిల్లీమీటర్లు. 40 అడుగుల పొడవున్న షెడ్డు 14 సెంటీమీటర్లు వస్తుంది. 20 అడుగుల వెడల్పు 7 సెంటీమీటర్లు. 14 అడుగుల గోడ 5 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. ఎనిమిది అడుగుల తలుపు 28 మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషి 2 సెంటీమీటర్లు కూడా ఉండడు! ఈ లెక్కలో మన అగ్గిపుల్ల దాదాపు ఏడంగుళాల మందం దూలం అవుతుంది. ఇక వంటింట్లో దొరకని సామాను ఏముంది చెప్పండి?

కావలసినవి

గోడలకి: చీరల పెట్టె అట్ట లేదా మందపాటి శుభలేఖలు
రేకుకి: బల్బులు, బిస్కెట్ల పెట్టెల్లో వచ్చే ముడతల అట్ట
దూలాలకి, తలుపు చట్రాలకి: అగ్గిపుల్లలు
స్తంభాలకి: అగరబత్తి పుల్లలు
నీటి గొట్టాలకి: చీపురు పుల్లలు
రంగులు: తెలుపు, నలుపు, గోధుమ, ఎరుపు, పసుపు ఆక్రిలిక్ రంగులు
ఫెవికాల్, కుంచెలు రెండు మూడు (ఒకటి పాతది, వెంట్రుకలు గట్టిపడినది)
కల్లు ఉప్పు చిటికెడు
జాజు, దీపం మసి, రంగు చాక్‌పీసుల పొడి
గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క
మెరుపు లేని మ్యాట్ వార్నిష్

పోస్టరు రంగులు వాడవచ్చా అని అడుగుతారేమో. వద్దు. అవి ఆరాక కూడా తడి తగిలితే మళ్ళీ కరుగుతాయి. ఒక పూత మీద ఇంకో పూత వేసే పని కాబట్టి ఆక్రిలిక్ అయితేనే నిలుస్తుంది.

చేసే విధానం

1. అట్టకి కాపు: గోడలు కోశాక అంటించే ముందే ఫెవికాల్‌ని నీళ్ళలో పల్చగా కలిపి రెండు వైపులా రాసి ఆరనివ్వండి. ఒక్క వైపే రాస్తే అట్ట అప్పడంలా వంకరపోతుంది. ముడతల అట్టకి కూడా ఇలాగే రాయాలి. తరవాత గోడలు నిలబెట్టి, పుల్లలు అంటించండి.

2. అడుగు పూత: తెల్లరంగుని ట్యూబులోంచి తీసినట్టే వెయ్యకండి. నేను చేసిన పొరపాటు అదే. చిటికెడు పసుపు, చిటికెడు నలుపు కలిపి కాస్త మాసిన తెలుపు చెయ్యండి. తలుపుల ఎరుపులో కూడా కొంచెం తెలుపు కలపండి. దూరం నుంచి చూసే భవనం రంగు ఎప్పుడూ కాస్త పాలిపోయినట్టే ఉంటుంది. మన షెడ్డు చిన్నది కాబట్టి దూరంగా ఉన్నట్టు అనిపించాలి. పల్చగా రెండు పూతలు చాలు.

3. తేట పూత: గోధుమ, నలుపు కలిపిన రంగు ఒక చెంచాకి పది చెంచాల నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. చారు మీది తేటలా ఉండాలి. ఆ చుక్క వేస్తేనే రంగు గుండ్రటి బొట్లుగా నిలిచిపోకుండా సందుల్లోకి పాకుతుంది. కుంచెతో గోడ మీద పై నుంచి కిందికి రాయండి. తలుపు చట్రం పక్కన, చూరు కింద నీడ దానంతటదే దిగుతుంది. ఎక్కువైన చోట తడి గుడ్డతో కిందికే తుడవండి. అడ్డంగా తుడిచారో, ఆ చార వానదని ఎవరూ నమ్మరు!

4. పొడి కుంచె: పాత కుంచెని లేత రంగులో ముంచి, పాత పేపరు మీద బాగా తుడిచెయ్యండి. ఇక రంగు లేదనిపించాక గోడ అంచుల మీద, దూలాల మీద తేలిగ్గా ఆడించండి. ఇడ్లీ రేకులకి నూనె పట్టీ పట్టనట్టు రాస్తామే, అలా అన్నమాట. ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే రంగు పట్టుకుని, ఏళ్ళ తరబడి అరిగినట్టు కనిపిస్తాయి.

5. రేకుకి ఉప్పు వైద్యం: నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ముందు రేకు అంతా ముదురు ఇటుక రంగు వేసి ఆరనివ్వండి. అది తుప్పు. తరవాత అక్కడక్కడ కుంచెతో కాస్త తడి చేసి, దంచిన కల్లు ఉప్పు పలుకులు చల్లండి. ఎక్కువగా రేకు అంచుల దగ్గర, అతుకుల దగ్గర. తడి ఆరి ఉప్పు అంటుకున్నాక పైన బూడిద రంగు వెయ్యండి. అది కూడా ఆరాక గట్టి కుంచెతో ఉప్పుని రాల్చెయ్యండి. ఉప్పు ఉన్న చోటల్లా పై రంగు ఊడి కింద తుప్పు బయటపడుతుంది. మా వాడు "నిజంగా రేకే!" అని గెంతాడు. ఒక్క మాట. ఉప్పు పలుకు ఒక్కటి కూడా మిగలకూడదు సుమా! వానాకాలంలో చెమ్మ పీల్చి రంగుని పొంగిస్తుంది.

6. పొడులు: గడపకి పూసే జాజు మెత్తగా నూరి, పొడి కుంచెతో మేకుల కింద, రేకు అంచున అద్దండి. జాజుకి ఆ ఎరుపు వచ్చేది అందులోని ఇనుము వల్లే, తుప్పుది కూడా అదే జాతి. అందుకే ఏ ట్యూబు రంగుకీ రాని నిజం దానికి వస్తుంది. గోడ అడుగున కూడా అదే జాజులో కాస్త చాక్‌పీసు పొడి కలిపి రాయండి. మన నల్లగొండ వైపు చల్కా నేలల ఎర్రమట్టి చిందినట్టే ఉంటుంది. దీపం మసి ఒక్క రవ్వ రేకు మీద చాలు. ఎక్కువైతే షెడ్డుకి నిప్పంటుకున్నట్టు ఉంటుంది. మిల్లుల ఊరు కాబట్టి కిటికీ గట్ల మీద, దూలాల మీద తవుడు రంగు దుమ్ము మరిచిపోకండి. పసుపు, తెలుపు చాక్‌పీసుల పొడి కలిపితే ఆ రంగు వస్తుంది. అసలు తవుడే చల్లుదామనుకునేరు, పురుగు పడుతుంది!

7. చివరి పూత: మ్యాట్ వార్నిష్ పల్చగా వెయ్యండి. దీంతో పొడులు కొంచెం వెలిసినట్టవుతాయి, కాబట్టి ముందే ఒక వన్నె ఎక్కువగా అద్దుకోవాలి. నిగనిగలాడే వార్నిష్ వేస్తే చేసిన కష్టమంతా మళ్ళీ కేకు అయిపోతుంది.

ఊరి పేరు బోర్డు మరిచిపోతే స్టేషన్ కళ రాదు. పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలు. మావాడు సన్నటి పెన్నుతో 'మిర్యాలగూడ' అని రాసి అగరబత్తి పుల్లల మీద నిలబెట్టాడు. దానికీ అడుగున కాస్త ఎర్రమట్టి అద్దాం.

జాగ్రత్తలు

రంగు కలిపిన గిన్నెలు, చెంచాలు మళ్ళీ వంటకి వాడకండి. వాటిని వేరే పెట్టెలో పెట్టి పేరు రాసి ఉంచండి. వార్నిష్ వేసేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యి దగ్గర్లో వద్దు. అటక మీద ఏ కాలందో ఎనామిల్ పెయింటు డబ్బా ఉంది కదా అని దింపకండి. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు డబ్బాల్లో సీసం ఎంతుందో కంటికి కనిపించదు. పిల్లలు ముట్టుకునే బొమ్మకి అది పనికిరాదు. పొడులు అద్దేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి, నోటితో ఊదకండి.

ఇక మా షెడ్డు సంగతి

పాత తెల్లరంగు మీదే మాసిన తెలుపు వేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి మామయ్య మంచం పక్కనే పీట వేసుకుని కూర్చున్నాను. నేను కుంచె పట్టుకోవడం, ఆయన చెప్పడం. "నల్లా ఈ మూలకుండె. దాని కింద ఎప్పుడు పచ్చగ పాచి." పెట్టాను. "గీ తలుపు దగ్గర హమాలీలు బస్తా ఎత్తుకొని పోతుంటె భుజం రాసుకునేది. నల్లగ జిడ్డు." నాలుగున్నర అడుగుల ఎత్తని లెక్కవేసి, 16 మిల్లీమీటర్ల దగ్గర చట్రానికి మసి అద్దాను. ఆయన వంగి చూసి, "ఇంక జర కిందికి గూడ పెట్టు బిడ్డా. పొట్టోడొకడుండె మాకాడ" అని నవ్వారు. ఆ పొట్టాయన గురించి, తడిసిన బస్తాల గురించి, అర్ధరాత్రి వ్యాగన్లు వచ్చిన రోజుల గురించి ఆ మధ్యాహ్నం విన్నన్ని కబుర్లు నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో వినలేదు. మా వారు కూడా వినలేదట!

పని అయ్యాక షెడ్డుని పట్టాల పక్కన పెట్టాం. మామయ్య పేపరు పక్కన పడేసి, మా వాడు నడుపుతున్న బండినే చూస్తూ, "ఆపు, ఆపు, జాగ ఒచ్చింది" అన్నారు. బండి సరిగ్గా తలుపు ముందు ఆగింది. మళ్ళీ కదిలేటప్పుడు మా వాడు నోటితోనే కూత పెట్టాడు. అప్పట్నుంచి రోజూ రాత్రి పడుకునే ముందు తాతకి ఒక కూత వినిపించడం వాడి డ్యూటీ అయిపోయింది.

మరి మీ సంగతేమిటి? సికింద్రాబాదుకి రైలు వచ్చింది 1874లో. మనం పండగలకి, పెళ్ళిళ్ళకి దిగిన ఆ స్టేషన్ పాత భవనాన్ని కొత్తది కట్టడం కోసం 2025లో కూల్చేశారు. అమృత్ భారత్ పథకం కింద కొత్త రూపు ఇవ్వడానికి ఎంపిక చేసిన స్టేషన్లలో మా మిర్యాలగూడ కూడా ఉంది. కొత్తవి రావలసిందే, కాదనం. కానీ పాత గోడ మీద నల్లా ఎక్కడుండేదో, జిడ్డు ఎంత ఎత్తులో పట్టేదో ఏ ఫోటోలోనూ దొరకదు. అది మీ ఇంట్లో మంచం మీద కూర్చున్న పెద్దవాళ్ళకే తెలుసు.

రైలు సెట్టే ఉండాలనేం లేదు. మీ పుట్టింటి పెంకుటిల్లు కావచ్చు, నాన్నగారి దుకాణం కావచ్చు, ఊరి బడి కావచ్చు. ఈ సెలవుల్లో ఒక చీర పెట్టె ఖాళీ చెయ్యండి. గోడలు మీరు కట్టండి. మరకలు ఎక్కడ పెట్టాలో మాత్రం పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళు చెబుతుంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టడం మరవకండేం!